తలకాయలో దలాలు

బహదూర్‌పురా, పట్నం
ఆషాఢ మాసం, 1941

నా తల్లి ఆండాలుకు,

బాపు రెండు చేతులూ నీ నెత్తిన పెట్టి రాస్తున్నాడనుకో. అక్షరాలు వంకరపోతే నవ్వకు. సంతోషం ఆపుకోలేక తొందరలో రాస్తున్నాను బిడ్డా! అల్లుడు అంజన్ రాసిన కార్డు మొన్న పొద్దున పాలు పిండుతుండగా వచ్చింది. టపా జవాను జహంగీర్ గల్లీ మొదట్నుంచే కేకేశాడు, "ఎల్లయ్యన్నా, కాజీపేట నుంచి కార్డు! మన్మరాలు పుట్టిందట!" అని. నా కార్డు నాకంటే ముందు ఆయన చదివేశాడు. చదవనీ! ఊరంతా చదవనీ! నేను దిగ్గున లేచేసరికి బర్రె బెదిరి బకెటు తన్నింది. పాలన్నీ నేలపాలు. నేను ఆ తడిలో నిలబడి నవ్వుతూనే ఉన్నాను.

ఆ పూట గల్లీలో ఎవరికీ పాలల్లో చుక్క నీళ్లు కలపలేదు. మన పక్కింట్లో గాజులకు తళుకులద్దే వహీదా బీ గిన్నె మూత తీసి చూసి, "క్యా భాయ్, ఇయ్యాల పాలు పాల లెక్కనే ఉన్నయి. పానం బాగలేదా?" అని అడిగింది. సంగతి చెబితే ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. మీ అమ్మ బుచ్చమ్మ బతికి ఉంటే ఆ రోజు గల్లీ అంతా పసుపునీళ్లు చల్లేది.

పోయిన ఏడు మనల్ని విడిచిపోయిన పసిది మళ్లీ నీ కడుపునే పుట్టింది తల్లీ. అంతే! ఏడుపు రోజులు తీరిపోయాయి. ఇంక పాత సంగతి తలుచుకోకు, ఒక్కసారి కూడా తలుచుకోకు. శొంఠి, మిరియాలు, పాత బెల్లం మూట కట్టి పంపుతున్నాను. పిల్లను ఊపడానికి తొట్టెల కూడా చేయించాను. దాని మీది చిలుకలకు ఎర్రరంగు వేయించాను, ఆకుపచ్చ అయిపోయిందట. ఎర్ర చిలుకలైతే ఏంది, మన పిల్లకు తెలుస్తుందా! రెండు బర్రెలు నేడో రేపో ఈనేటట్టు ఉన్నాయి, పురుడుకు నేను రాలేను. తొట్టెల మాత్రం రైలు పార్సిలులో వస్తుంది. పిల్ల ముక్కు ఎవరిది? రాయి. తొందరగా రాయి.

సంతోషంతో నిద్రపట్టని
నీ బాపు


కాజీపేట, రైల్వే క్వార్టర్లు
శ్రావణ మాసం

బాపూ,

మూట అందింది. తొట్టెల అందింది. దాని మీది గోనెపట్ట ఇంకా విప్పలేదు.

పిల్ల ముక్కు ఎవరిదో నేను చూడలేదు. పాలిచ్చినన్నాళ్లూ కళ్లు మూసుకునే ఇచ్చాను. కిందటిసారి కళ్లు తెరుచుకునే ఇచ్చాను కదా, అందుకని.

పురుడు అయింది. ముందు బిడ్డ పోయిన ఇంట్లో తర్వాతి బిడ్డను అట్లాగే ఉంచుకోవద్దని, పెంట మీద పడేసి, అమ్మి, మళ్లీ కొనుక్కోవాలని మా అత్త చంద్రమ్మ పట్టుబట్టింది. ఇక్కడ పెంటకుప్ప ఎక్కడిది? ఇంజన్లు దులిపిన బొగ్గు బూడిద కుప్ప ఉంది. చేటలో పాత గుడ్డ పరిచి పిల్లను దాని మీద పెట్టారు. పక్క క్వార్టరులో ఉండే గ్యాంగుమన్ భార్య కాశమ్మ, చంటి కొడుకు తల్లి, వచ్చి, "ఎవరో పారేసుకున్నరు, నాకు దొరికింది, ఈ పిల్ల నాది" అని ఎత్తుకుంది. పెంటమ్మ అని పేరు పెట్టారు. తర్వాత నేను గుప్పెడు నూకలు ఇచ్చి కొనుక్కోవాలి. అత్త నా చేతిలో నూకలు పోసింది. నా గుప్పిట విచ్చుకోలేదు బాపూ. అందరూ నవ్వారు. "చెయ్యి చాపు పిల్లా, నాకు ఇంట్ల పనుంది" అంది కాశమ్మ. నేను లోపలికి వచ్చేశాను.

కాశమ్మ పిల్లను తీసుకుపోయింది. కొడుకుతోపాటు దీనికీ పాలు ఇస్తోంది. మీ అల్లుడు ఇంజనులో బొగ్గు వేసే డ్యూటీ మీద మూడు రోజులకోసారి ఇంటికి వస్తారు. వచ్చినప్పుడు ఆ ఇంటికి పోయి చూసి వస్తారు. నన్ను ఏమీ అనరు.

పోయిన పసిదే మళ్లీ వచ్చిందని రాశావు. ఎందుకు వచ్చింది బాపూ? మళ్లీ పోవడానికా?

ఆండాలు


బహదూర్‌పురా
శ్రావణ మాసం

తల్లీ ఆండాలూ,

అరెరె, చంద్రమ్మ వదినె ఎంత మంచి పని చేసింది! నాకు ఇక్కడ తోచనే లేదు చూడు. మన గల్లీలో ఎంతమంది లేరు పెంటయ్యలు! ఒక్కొక్కడు దున్నపోతు లెక్క తిరుగుతున్నాడు. ఇంక నీకు ఫికరే లేదు. పిల్ల ఇప్పుడు నీది కాదు, కాశమ్మది! యముడు వచ్చి నీ గడప దగ్గర నిలబడితే, "మా ఇంట్ల పిల్లలెవ్వరు లేరు, పక్క గల్లీల అడుగుపో" అని పంపించు! ఇది రాస్తూ రాస్తూ నేను ఒక్కడినే నవ్వుకుంటుంటే లేగదూడ కూడా నా మొహం వంకే చూస్తోంది.

నీ గుప్పిట విచ్చుకోలేదా? భలే! నా బిడ్డవు అనిపించుకున్నావు. సంతలో నేనూ అంతే, ధర తెగేదాకా గుప్పిట విప్పను. కాశమ్మ అడిగిన దానికి సగం నూకలే ఇయ్యి, గట్టిగా ఆడు బేరం!

పెద్ద బర్రె ఈనింది, పెయ్య పుట్టింది. చూశావా, మన ఇంట్లో అంతా ఆడపిల్లల కాలం నడుస్తోంది. చిన్నది కూడా ఈనగానే నేను బండెక్కి వస్తాను. కళ్లు మూసుకుని పాలిచ్చావంటే నిద్ర చాలనట్టుంది. మంచిగా తిను, మంచిగా పండుకో. అంతా మంచే జరుగుతుంది, జరిగి తీరుతుంది.

బాపు


కాజీపేట
భాద్రపదం

బాపూ,

నువ్వు రావద్దు. నువ్వొస్తే నవ్వుతావు. ఆ నవ్వు మొహం ముందు కూర్చునే ఓపిక నాకు లేదు.

పిల్ల నాది కాదని నువ్వే రాశావు. కాశమ్మదని రాశావు. నేను ఆ మాట చాలాసార్లు చదువుకున్నాను. నువ్వు ఆటకు రాశావని తెలుసు. అయినా అది నిజం. నా దగ్గర ఉన్న పిల్ల పోయింది, కాశమ్మ దగ్గరున్న పిల్ల ఒళ్లు చేస్తోంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? అత్త ఇంటికి తెచ్చిన కోడిపిల్లలు చచ్చిపోయాయి, నేనే మేత వేశాను. మీ అల్లుడి చెయ్యి ఇంజను మంటకు కాలింది, ఆ పొద్దున అన్నం కట్టి ఇచ్చింది నేను. ఒక్కొక్కటి తీసి చూస్తే అన్నింటి వెనకా నేనే ఉన్నాను.

రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది. అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ముకు కట్టింది, పాలు వెనక్కి పోవడానికి. అత్తకు పూలు పెట్టుకోవడమంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు కదా. కడుతూ కడుతూ ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. రెండు రోజులు ఆ వాసన మధ్య పడుకున్నాను. పెళ్లిలో కూడా అదే వాసన.

అర్ధగంటకోసారి మా ఇంటి వెనకనుంచి రైలుబండి పోతుంది. ఇదివరకు ఆ చప్పుడుకు పిల్లలు జడుసుకుంటారని తలుపు మూసేదాన్ని. ఇప్పుడు తలుపు తెరిచి నిలబడుతున్నాను. ఎందుకు నిలబడుతున్నానో నన్ను అడగకు.

నువ్వు సంతోషంగా ఉండు బాపూ. నీకు సంతోషంగా ఉండడం తెలుసు. నాకు రాలేదు.

ఆండాలు


బహదూర్‌పురా
భాద్రపదం

బిడ్డా,

నీ ఉత్తరం వహీదా బీకి చదివి వినిపించాను. ముందటిది కూడా ఆమెకు చదివాను గానీ, నా నోటితో చదివితే అదీ పండుగ ఉత్తరం అయిపోయింది. ఈసారి మొదట్లోనే ఆపింది. "నవ్వుకుంట చదవకు భాయ్. బిడ్డ ఎట్ల రాసిందో గట్ల చదువు." చదివాను. బండి సంగతి దగ్గర ఆగి, ఆ మాట రెండోసారి చదివాను. వహీదా బీ చేతిలో గాజు పక్కన పెట్టి, "ఆ పిల్ల బాయిల పడి పిలుస్తుంటే నువ్వు ఒడ్డు మీద నిలబడి బాజా కొట్టుకుంట ఉన్నవ్. బాపువా, బాజావాలావా?" అంది. అప్పుడే కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాను.

ముందు ఒక మాట. అల్లుడికి వేరే ఉత్తరం రాశాను. నిన్ను ఒంటరిగా విడవవద్దని, షెడ్డులో పగటి డ్యూటీ అడుక్కొమ్మని, వెనక తలుపుకు తాళం వేసి చెవి చంద్రమ్మ వదినె కొంగుకు కట్టుకొమ్మని రాశాను. నీకు తెలియకుండా చేయడం లేదు, చెప్పే చేస్తున్నాను. కోపం వస్తే నన్ను తిట్టు. తలుపు దగ్గర నిలబడాలని అనిపించినప్పుడల్లా, "అత్తా, నాకు మళ్లీ అట్ల అనిపిస్తుంది" అని నోటితో చెప్పు. సిగ్గుపడకు. నా మీద ఒట్టు.

నువ్వు పిలిచేదాకా నేను రాను. మాట ఇస్తున్నాను.

ఇప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి రాస్తాను. నాకు బర్రెలు తప్ప ఏం తెలుసు? సంతలో మధ్యన చేరి బేరం తెంపే దలాల్లు రెండు రకాలు. అమ్మేవాడి దలాలు మట్టిని కూడా బంగారం అంటాడు. కొనేవాడి దలాలు ఉంటాడు చూడు, వాడు వేరు. మంచి బర్రెను అమ్మడానికి పట్టుకుని వచ్చిన మనిషి పక్కన చేరి మెల్లగా చెవిలో మొదలుపెడతాడు. "దీని దూడ పోయిందట గద? పోయింది. ఆఁ, గంతే మరి. దీని సుడి మంచిది కాదు. ఇగ ఇది కట్టుకున్న ఇల్లు బాగుపడది. ఇచ్చినకాడికి ఇచ్చి పో." మొదటి మాట నిజం. దూడ పోయింది. ఆ నిజానికి తోక కట్టినట్టు మిగతావన్నీ కడతాడు. ఆ మనిషి ఏడ్చుకుంటూ పాలిచ్చే బర్రెను వాడి చేతిలో పెట్టి ఉత్త పలుపుతాడుతో ఇంటికి పోవడం నేను చూశాను. ఒక్కడిని కాదు, చాలామందిని చూశాను.

నీ తలకాయలో ఒక దలాలు కూర్చున్నాడు తల్లీ. వాడు నీ గొంతుతోనే మాట్లాడుతున్నాడు, అందుకే నీకు తెలియడం లేదు. నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని చూశాను. ప్రతిసారీ అదే తీరు. కోడిపిల్లలు చచ్చాయి, అది నిజం. మేత నేను వేశాను, అదీ నిజం. కాబట్టి నేనే చంపాను, ఇది దలాలు మాట. అతుకు ఎక్కడుందో చూడు. వాడి పనంతా ఆ అతుకు దగ్గరే.

సంతలో వాడి నోరు నేను మూయించలేను. వాడి పొట్ట గడిచేది దానితోనే. వాడు వాగుతూనే ఉంటాడు, నేను బర్రె మీద చెయ్యి వేస్తాను. ముక్కు తడిగా ఉందా? పొదుగు మెత్తగా ఉందా? కొమ్ము మొదట్లో వెచ్చగా ఉందా? నా చెయ్యి ఏం చెబితే అది. వాడితో వాదించను. వాదిస్తే వాడే గెలుస్తాడు, వాడికి రోజంతా అదే పని కదా.

నువ్వు ఏదీ నమ్మవద్దు. నన్ను కూడా నమ్మవద్దు. కాశమ్మ ఇంటికి పోయి పిల్ల మీద ఒక్కసారి చెయ్యి పెట్టు. కొనవద్దు. ఇంటికి తెచ్చుకోవద్దు. చెయ్యి ఏం చెప్పిందో రాయి. దలాలు ఏమన్నాడో అది కూడా రాయి, వేరుగా రాయి.

నా తలకాయలో కూడా ఒకడున్నాడు ఆండాలూ. పొగిడే దలాలు. వాడి మాట వినే నీ మూసిన గుప్పిటను బేరం అనుకున్నాను. నీకు అన్నింటిలో చావు కనిపిస్తోంది, నాకు అన్నింటిలో పండుగ కనిపించింది. ఇద్దరిలో ఎవరమూ పిల్లను చూడలేదు.

బాపు


కాజీపేట
ఆశ్వయుజం

బాపూ,

కూతుర్ని బర్రెతో పోల్చిన తండ్రివి నువ్వొక్కడివే అయి ఉంటావు. అత్తకు చదివి వినిపిస్తే, "మీ బాపుకు లోకంల బర్రెలు దప్ప ఇంకేమన్న కనవడ్తయా?" అంది. నేను నవ్వాననుకుంటాను. అత్త చేతిలో పని ఆపి నా మొహం చూసింది.

వెనక తలుపు తాళంలోనే ఉంది. మొదట కోపం వచ్చింది. ఒకనాడు అత్తతో నువ్వు చెప్పిన మాట చెప్పాను. ఆమె చాప తెచ్చి నా పక్కన వేసుకుంది. రాత్రంతా గురక. ఆ గురకలో నాకు నిద్ర పట్టలేదు, బండి చప్పుడూ వినిపించలేదు.

పేరు పెట్టినంత మాత్రాన దలాలు పోలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా, "మీ బాపు ముసలోడు, నీ బాధతోనే పోతడు, అది కూడ నీ లెక్కలకే వస్తది" అంటున్నాడు. వేరుగా రాయమన్నావు కదా, రాశాను.

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను. పెద్దది పోయిన రాత్రి పాలు తాగింది. కడుపునిండా తాగింది. నా చెయ్యి మీదే నిద్రపోయింది. నేను కూడా నిద్రపోయాను. తెల్లవారి లేచేసరికి చల్లగా ఉంది. జ్వరం లేదు, ఏడుపు లేదు. ఆ రాత్రి దాని లోపలికి పోయింది నా పాలు ఒక్కటే. అప్పుడు చూడవచ్చినవాళ్లలో ఎవరో, "తల్లి పాలే వేడి చేసినయేమో" అన్నారు. ఎవరన్నారో మొహం గుర్తు లేదు. మాట మాత్రం గుర్తుంది. ఇది అతుకు అంటావా? అతుకే అయితే మరి ఎందుకు పోయింది?

నిన్న కాశమ్మ ఇంటికి పోయాను. "రా రా, చుట్టం లెక్క గడప కాడ నిలబడ్డవేంది?" అంది. పిల్ల చాప మీద ఉంది. చెయ్యి పెట్టాను. దలాలు అన్నది: వెచ్చగా ఉంది, జ్వరం, నువ్వు ముట్టుకున్నావు కాబట్టే. చెయ్యి చెప్పింది: మెడ దగ్గర చెమట. పొట్ట మెత్తగా లేస్తూ దిగుతూ ఉంది. వేళ్ల మధ్యలో నూలుపోగు ఒకటి ఇరుక్కుంది, తీసేశాను. తీస్తుంటే నా వేలు పట్టుకుంది.

ముక్కు అమ్మది.

ఆండాలు


కాజీపేట
ఆశ్వయుజం

బాపూ,

కార్డు మీదే రాస్తున్నాను, కవరులో మూసి పంపేంత ఓపిక లేదు. పిల్లకు విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. నేను రోజూ పోయి ముట్టుకోవడం మొదలుపెట్టాను, ఇప్పుడు ఇట్లా అయింది. ఇప్పుడేమంటావు? ఇది కూడా దలాలు మాటేనా? నా చేతికి కూడా ఇప్పుడు అదే తెలుస్తోంది. నన్ను దాని దగ్గరికి పంపింది నువ్వే. ఇంక నాకు రాయవద్దు.

ఆండాలు


బహదూర్‌పురా
ఆశ్వయుజం

బిడ్డా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఈ మాట నీకు నేను ఇదివరకు ఎప్పుడూ రాయలేదు. మీ అమ్మ పోయినప్పుడు కూడా రాయలేదు. మూట కట్టుకుని టేషను దాకా పోయి, నువ్వు పిలవలేదని గుర్తొచ్చి తిరిగి వచ్చాను. వహీదా బీ గుమ్మంలో నిలబడి చూసింది. నేను పోవాల్సి వస్తే నా బర్రెల పాలు తనే పిండిస్తానని అంది.

ముందు పిల్లను రైలు దవాఖానాకు తీసుకుపో. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప వేరే నీళ్లు పట్టవద్దని కాశమ్మకు చెప్పు.

పెద్దది ఎందుకు పోయిందని అడిగావు. నాకు తెలియదు తల్లీ. నువ్వు చూసింది అది నిద్రపోవడం, తెల్లారి చల్లగా ఉండడం. మధ్యలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు, నేను చూడలేదు, ఆ మాట అన్న మనిషి అసలే చూడలేదు. తెలియదు అని ఉండాల్సిన చోట నువ్వు నీ పేరు పెట్టుకున్నావు. తెలియకపోవడాన్ని మోయడం కష్టం. నాకూ కష్టమే. దాన్ని మోయలేకే నేను నవ్వుకుంటూ తిరిగాను.

ఒక్కటే అడుగుతాను. కాశమ్మ కొడుకు ఎట్లా ఉన్నాడు? వాడిని నువ్వు ముట్టుకున్నావా?

బాపు


కాజీపేట
మార్గశిరం

బాపూ,

ఇన్నాళ్లు రాయనందుకు కోపం చేసుకోకు. రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎందుకు లేదో చెబుతాను.

నీ ఉత్తరం చదివి మొదట విసిరేశాను. పిల్ల చావుబతుకుల్లో ఉంటే కాశమ్మ కొడుకు సంగతి ఎందుకు ఈ మనిషికి అనుకున్నాను. తర్వాత ఆ ప్రశ్న పక్కకు పోలేదు. నేనెప్పుడూ వాడిని ముట్టుకోలేదు. వాడు ఎట్లా ఉన్నాడో కూడా నాకు తెలియదు. అప్పుడే పోయి అడిగాను.

కాశమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇప్పుడు అడుగుతున్నవా తల్లీ? వానికి నీ పిల్ల కంటె ముందుగాలనే అయింది. నల్లాల మురికి నీళ్లొచ్చినయి, ఈ లైన్ల సగం మంది పిల్లలకు గిదే లొల్లి. నువ్వు దినాం వస్తివి, నీ ఎదురుంగనే వాడు గంజి తాగుకుంట పండుకున్నడు. కనవడలేదా?" అంది.

కనబడలేదు బాపూ. నా చేతి పక్కనే ఉన్న పిల్లవాడు కనబడలేదు. నా పాపం లెక్క చూసుకుంటూ ఒక పసివాడి మీంచి దాటుకుని పోయాను. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. పెద్దది పోయిన తర్వాత ఇదే మొదటిసారి. కాశమ్మ, "నువ్వు తర్వాత ఏడు, ముందు పిల్లనెత్తుకో, నేను వీణ్ణెత్తుకుంట" అంది. ఇద్దరం దవాఖానాకు నడిచాం. డాక్టరు పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి చెంచాతో నీళ్లు పట్టించాడు. పట్టించింది నేనే. ప్రతి చెంచాకూ దలాలు, "ఇదే ఆఖరుది" అన్నాడు. ప్రతి చెంచా తర్వాతా పిల్ల మింగింది. వాడితో వాదించలేదు. నాకు తీరిక లేదు.

చాలా రోజులు పట్టింది. ఇద్దరు పిల్లలూ లేచారు. లైను చివరి క్వార్టరులో నీలమ్మ పిల్లవాడు లేవలేదు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె, "పొద్దుగాల్ల వానికి నేనే నీళ్లు తాపిన" అంది, మళ్లీ మళ్లీ అదే మాట. నేను ఏమని చెప్పాలి? దలాలు గొంతు ఆమె నోట్లోంచి వింటున్నాను. నీ మాటలేవీ నా నోటికి రాలేదు. "నీళ్లు నువ్వు మురికి చేయలేదు" అని ఒక్కటే అన్నాను. ఆమె వినలేదు. రేపు మళ్లీ పోతాను.

పోయిన శుక్రవారం నూకలు తీసుకుని కాశమ్మ గడపలో నిలబడ్డాను. ఆమె పిల్లను గట్టిగా పట్టుకుని, "ఇన్నొద్దులు పాలిచ్చి సాదిన. గుప్పెడు నూకలకు ఇయ్యమంటె ఇస్తనా? చేటెడు తేపో!" అని బేరం మొదలుపెట్టింది. అంటూ అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త లోపలికి పోయి చేట నింపి తెచ్చింది. ఈసారి నా చేతులు రెండూ చాపాను.

నా పాలు రాలేదు బాపూ. పోయినవి పోయాయి. అత్త ఏవేవో కాచి తాగించింది, లాభం లేదు. పగలు కాశమ్మే ఇస్తోంది, రాత్రి మేకపాలు పడుతున్నాను. అది నేను పోగొట్టుకున్నదే, దలాలు చెప్పింది కాదు. ఆకలి తీరాక కూడా పిల్ల రాత్రి నా ఎండిన రొమ్మే నోట్లో పెట్టుకుని పండుకుంటుంది. నేను నిద్రపోను. లేస్తూ దిగుతూ ఉన్న పొట్ట మీద చెయ్యి వేసి చూస్తూ ఉంటాను. ఒక్కోసారి ఆ చెయ్యి కూడా అబద్ధం చెబుతుందేమోనని లేచి దీపం వెలిగిస్తాను. మంచిగా అయ్యానని నీకు రాయలేను. దలాలు పోలేదు. పోతాడని కూడా నాకు అనిపించడం లేదు. వాడు మాట్లాడుతుంటాడు, నేను పిల్లను ఎత్తుకుంటాను. ఇంతవరకే వచ్చాను.

నువ్వు రా బాపూ. పిలుస్తున్నాను. వచ్చినప్పుడు సంతోషపడకు అని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను, చూశావా? పడు. నువ్వు సంతోషపడకపోతే దీనికి సంతోషపడేవాళ్లు ఎవరున్నారు? కాస్త మెల్లగా నవ్వు. ఇది నిద్రలో ఉంటుంది.

నీ బిడ్డ
ఆండాలు